ల్యాబ్‌ డిష్‌లో తేడా కనిపించింది, అది జబ్బుదేనా?

బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌ ఓపీలో తెలుగు వినపడని రోజు ఉండదు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి హోసూరు రోడ్డులో దిగేవాళ్లు ఎందరో. ఒకే కుటుంబంలో ఇద్దరికో ముగ్గురికో బైపోలార్‌ డిజార్డర్‌, స్కిజోఫ్రీనియా వంటి జబ్బులుంటే, మందుల చీటీతో పాటు ఇంకో మాట కూడా వాళ్ల చెవిన పడవచ్చు. పరిశోధన కోసం కొంచెం రక్తం ఇస్తారా, జబ్బు లేని తోబుట్టువుల రక్తం కూడా కావాలి అని. తలలో జబ్బుకు చేతి నరంలో రక్తం దేనికన్న సందేహం ఎవరికైనా వస్తుంది.

ఆ రక్తకణాలను వెనక్కి నడిపించి, పిండదశలో మెదడును కట్టే నాడీ మూలకణాలుగా (న్యూరల్‌ స్టెమ్‌ సెల్స్‌) మార్చవచ్చు. బతికున్న మనిషి మెదడు నుంచి ముక్క తీసే వీలు లేదు కాబట్టి ఈ చుట్టుదారి. నిమ్‌హాన్స్‌, బెంగళూరులోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఎన్‌సీబీఎస్‌, ఇన్‌స్టెమ్‌ కలిసి 2016లో మొదలుపెట్టిన ఏడీబీఎస్‌ అనే పరిశోధన కార్యక్రమం ఈ దారిలోనే నడుస్తోంది. ఒకే ఇంట్లో పలువురు రోగులున్న కుటుంబాలను ఏళ్ల తరబడి గమనిస్తూ, వాళ్ల కణాలను భద్రపరుస్తూ వస్తోంది.

రక్తం నుంచి న్యూరాన్‌ను, అంటే నాడీకణాన్ని, తెప్పించడం ఇప్పుడు పెద్ద విశేషం కాదు. శ్రద్ధగా పనిచేసే ల్యాబ్‌ ఏదైనా కొన్ని నెలల్లో చేయగలదు. రోగి కణాలకూ ఆరోగ్యవంతుడి కణాలకూ కనిపించిన తేడా జబ్బు వల్ల వచ్చిందా, లేక కణాలు పెంచే ప్లేటు, వాటికి పోసే పోషక ద్రవం (మీడియం), పనిచేసే చేతి తీరు వల్ల వచ్చిందా అని తేల్చడమే అసలు కష్టం. ఈ రంగంలో వచ్చే ఏ ఫలితాన్నైనా ముందు ఆ ప్రశ్నతోనే చదవాలి. అందుకు మెదడు ఎలా కట్టుకుంటుందో కొంత తెలిసి ఉండాలి.

గర్భం దాల్చిన మూడో వారంలో పిండం వీపు వైపు ఉన్న కణాల పలక ఒకటి మడతపడి గొట్టంలా మూసుకోవడం మొదలుపెడుతుంది. దాదాపు 28వ రోజుకు ఆ నాడీ నాళం పూర్తిగా మూసుకుపోవాలి. చాలామందికి అప్పటికి గర్భం సంగతే తెలియదు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్‌ యాసిడ్‌ మాత్రను గర్భం కోసం ప్రయత్నించే ముందు నుంచే వాడమనేది ఇందుకే. నెల తప్పాక మొదలుపెట్టే మాత్ర ఈ ఒక్క పనికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

ఆ గొట్టం గోడ మొదట్లో ఒకే వరస కణాలది. ప్రతి కణం లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా సాగి ఉంటుంది. డీఎన్‌ఏ ప్రతి తయారయ్యేటప్పుడు దాని కేంద్రకం బయటి వైపుకు జరుగుతుంది, విభజన సమయానికి మళ్లీ లోపలి అంచుకు, అంటే మెదడు ద్రవం ఉండే వైపుకు వచ్చేస్తుంది. తొలిరోజుల్లో విభజనలన్నీ దాదాపు సమవిభజనలే. ఒక మూలకణం రెండు మూలకణాలవుతుంది. తర్వాత అవి రేడియల్‌ గ్లియాగా మారి అసమ విభజనకు దిగుతాయి. పుట్టిన రెండింటిలో ఒకటి మూలకణంగానే ఉండిపోతుంది, రెండోది న్యూరాన్‌ అవుతుంది, లేదా మరో ఒకటి రెండు సార్లు విభజన చెంది న్యూరాన్లనిచ్చే మధ్యంతర కణమవుతుంది.

ఒక దశ నుంచి రెండో దశకు ఎప్పుడు మారాలన్న దాని మీదే మెదడు పరిమాణం చాలావరకు నిలబడి ఉంది. ఒక మూలకణం పది విడతలు సమవిభజన చెందితే 1,024 కణాలవుతాయి. రెండు విడతల ముందే ఆపేసి న్యూరాన్ల పనిలో పడితే 256 దగ్గరే ఆగిపోతుంది. ఏ కణమూ చచ్చిపోలేదు, ఏ న్యూరానూ పాడవలేదు, కానీ పునాది నాలుగో వంతే. పుట్టుకతో తల చిన్నదిగా ఉండే వంశపారంపర్య మైక్రోకెఫలీలో జరిగేది ఇంచుమించు ఇదే. ఏఎస్‌పీఎం, డబ్ల్యూడీఆర్‌62, సీడీకే5ఆర్‌ఏపీ2 వంటి జన్యువుల ప్రోటీన్లు విభజన సమయంలో క్రోమోజోములను లాగే కదురు కొనల దగ్గర పనిచేస్తాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడితేనే జబ్బు బయటపడుతుంది. మేనరికాలు తరతరాలుగా సాగిన మన ప్రాంతాల్లో జన్యు సలహా కేంద్రాలకు ఇలాంటి కుటుంబాలు కొత్త కాదు. గర్భిణికి సోకితే బిడ్డ తల చిన్నదయ్యేలా చేయగల జీకా వైరస్‌ 2016లో బయటపెట్టిన సంగతీ దీనికి దగ్గరిదే. ఆ వైరస్‌ న్యూరాన్ల కంటే వాటిని పుట్టించే మూలకణాలను ఎక్కువగా పట్టుకుంటుంది.

రేడియల్‌ గ్లియాకు ఇంకో పని కూడా ఉంది. దాని పొడవాటి పోగును పట్టుకునే కొత్త న్యూరాన్లు పైకి పాకుతాయి. మెదడు పైభాగమైన కార్టెక్స్‌ లోపలి నుంచి బయటికి కట్టుకుంటుంది. ముందు పుట్టినవి లోతు పొరల్లో, ఆలస్యంగా పుట్టినవి వాటిని దాటుకుంటూ పోయి పై పొరల్లో చేరతాయి. ఎలుకలో ఈ పనంతా వారం రోజుల్లో అయిపోతుంది, మనిషిలో నెలల తరబడి సాగుతుంది. పైగా లోపలి అంచును వదిలేసి బయటి పొరలో తిష్ఠ వేసే మరో రకం రేడియల్‌ గ్లియా మనిషిలో విస్తారంగా ఉందని 2010లో తేలింది. ఎలుకలో అవి బహు తక్కువ. ఎలుక మెదడు మొత్తంలో దాదాపు 7 కోట్ల న్యూరాన్లుంటే మనిషి మెదడులో 8,600 కోట్లు, అందులో కార్టెక్స్‌ వాటా 1,600 కోట్లు. ఎలుక మీద చేసిన ప్రయోగం మనిషికి ఎంతవరకు సరిపోతుందన్న అనుమానానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

అయినా ఎలుక లేకపోతే ఈ రంగంలో పునాది జ్ఞానమే లేదు. ముంబయిలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌లో శుభా తోళే బృందం ఎల్‌హెచ్‌ఎక్స్‌2 జన్యువు మీద చేసిన పనే చూడండి. తొలిదశ మూలకణాల్లో ఈ జన్యువును తీసేస్తే అవి కార్టెక్స్‌గా మారడం మానేసి, దాని అంచున ఉండే హెమ్‌ అనే భాగంగా తయారవుతాయని 2008లో ఆ బృందం చూపించింది. అదే జన్యువును జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌ భాగంలో కొంత ఆలస్యంగా తీసేస్తే ఫలితం వేరు. న్యూరాన్లు పుట్టాల్సిన వేళ వాటికి ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లు ముందుగా వచ్చేస్తాయి. జన్యువు ఒకటే, వేళ మారితే పర్యవసానం మారింది. డిష్‌లో మనిషి కణాలతో పనిచేసేవాళ్లు పదే పదే గుర్తుచేసుకోవాల్సిన పాఠం ఇది.

ఇక రక్తం దగ్గరకొద్దాం. పది మిల్లీలీటర్లు చాలు. రక్తాన్ని పలచబరిచి, మిల్లీలీటరుకు 1.077 గ్రాముల సాంద్రత ఉన్న ఫైకాల్‌ ద్రవం మీద మెల్లగా పోసి, సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ (గురుత్వానికి 400 రెట్ల బలం) దగ్గర అరగంట తిప్పుతారు. తెల్లకణాలు మధ్యలో పలచటి తెరలా నిలుస్తాయి. చివర్లో యంత్రం బ్రేకు వేస్తే ఆ తెర చెదిరిపోతుంది, కాబట్టి దాన్ని దానంతట అదే ఆగనివ్వాలి. ఇలా తీసిన కణాల్లోకి ఆక్ట్‌4, సాక్స్‌2, కేఎల్‌ఎఫ్‌4, సీ-మిక్‌ అనే నాలుగు జన్యువులను పంపిస్తారు. జపాన్‌ శాస్త్రవేత్త యమనాకా 2006లో ఎలుక కణాల్లో, 2007లో మనిషి కణాల్లో చేసి చూపిన పద్ధతి ఇది. 2012లో ఆయనకు నోబెల్‌ తెచ్చిపెట్టింది. జన్యువులను మోసుకెళ్లడానికి ఇప్పుడు ఎక్కువగా సెండాయ్‌ వైరస్‌నో ప్లాస్మిడ్లనో వాడుతున్నారు. ఇవి కణం డీఎన్‌ఏలో చొరబడి ఉండిపోవు. మూడు నాలుగు వారాలకు గట్టి అంచులున్న కాలనీలు కనిపిస్తాయి. ఒక్కో కాలనీని విడిగా పెంచితే అది ఒక క్లోన్‌. నిండిన ప్లేటు నుంచి కణాలను కొత్త ప్లేటుకు మార్చడాన్ని పాసేజ్‌ అంటారు. పదో పాసేజ్‌ నాటికి వైరస్‌ ఆనవాలు పోయిందో లేదో పరీక్షించి చూడాలి. ఊరికే పోయి ఉంటుందనుకోవడం కుదరదు.

ఆ కాలనీ కణాలను నాడీ మూలకణాలుగా తిప్పడానికి 2009లో వచ్చిన జంట స్మాడ్‌ నిరోధం నేటికీ ప్రధాన పద్ధతి. కణాన్ని ఇతర అవయవాల వైపు లాగే రెండు సంకేతాలను ఆపేస్తే, అది తనంతట తాను నాడీ మార్గం పడుతుంది. ఎస్‌బీ431542 అనే మందు 10 మైక్రోమోలార్‌, ఎల్‌డీఎన్‌193189 100 నానోమోలార్‌ మోతాదులో ఇస్తూ రోజూ మీడియం మారుస్తారు. పది పన్నెండు రోజులకు కణాలు చామంతి రేకుల్లా ఒక నడిబొడ్డు చుట్టూ పేర్చుకుంటాయి. ఈ రోజెట్‌ ఒకరకంగా నాడీ నాళం అడ్డుకోతే. నడిబొడ్డు వైపు విభజనలు జరుగుతుంటే మైక్రోస్కోపులో చూడొచ్చు. రోజెట్లను మాత్రమే ఏరి, లామినిన్‌ అనే ప్రోటీన్‌ పూసిన ప్లేటుకు మార్చి, ఎన్‌2, విటమిన్‌-ఏ లేని బీ27 అనే పోషక మిశ్రమాలు కలిపిన మీడియంలో, కణాలను విభజనలో నిలిపే బీఎఫ్‌జీఎఫ్‌ అనే గ్రోత్‌ ఫ్యాక్టర్‌ను మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు వేసి పెంచుతారు. నాడీ మూలకణాల గుర్తులైన నెస్టిన్‌, పాక్స్‌6, సాక్స్‌1 ఉండాలి, పాత దశకు గుర్తైన ఆక్ట్‌4 కనపడకూడదు. ఆక్ట్‌4 ఉన్న కణాలు కొద్దిగా మిగిలినా కొన్ని పాసేజ్‌లలో అవే ప్లేటంతా ఆక్రమించగలవు. న్యూరాన్లు కావాలంటే బీఎఫ్‌జీఎఫ్‌ ఆపేసి, న్యూరాన్లను బతికించే బీడీఎన్‌ఎఫ్‌, జీడీఎన్‌ఎఫ్‌ అనే ప్రోటీన్లు మొదలుపెట్టి నెల రోజులకు తక్కువ కాకుండా ఓపిక పట్టాలి.

కాగితం మీద ఇదంతా సాఫీగానే ఉంటుంది. చెడేది ఎక్కడెక్కడో చూస్తే ఈ రంగంలో ఫలితాలు ఎందుకు ఒకదానితో ఒకటి పొసగవో అర్థమవుతుంది.

బీఎఫ్‌జీఎఫ్‌ 37 డిగ్రీల దగ్గర నిలవదు, ఒక్కరోజులోనే చాలావరకు సత్తువ కోల్పోతుంది. ఆదివారం మీడియం మార్చకపోతే సోమవారానికి కొన్ని కణాలు విభజన మానేసి న్యూరాన్ల దారి పట్టి ఉంటాయి. రోగి ప్లేట్లకు శనాదివారాలు తప్పి, ఆరోగ్యవంతుల ప్లేట్లకు తప్పకపోతే, రోగి కణాలు త్వరగా విభజన ఆపేస్తున్నాయన్న ‘ఆవిష్కరణ’ పుట్టుకొస్తుంది. కణాలు అంటుకోవడానికి ప్లేటుకు పూసే మ్యాట్రిజెల్‌ పది డిగ్రీలు దాటితే గడ్డకడుతుంది. దాన్ని ఐస్‌ మీద, ముందే చల్లబరిచిన టిప్పులతో పంచాలి. విదేశాల నుంచి డ్రై ఐస్‌లో బయల్దేరిన పార్సిల్‌ విమానాశ్రయంలో కస్టమ్స్‌ దగ్గర ఆగి, ఐస్‌ ఆవిరైపోయి, చెన్నై మే ఎండలో ల్యాబ్‌కు చేరితే సీసా చూడ్డానికి బాగానే ఉంటుంది. పూసిన ప్లేటు మీద మాత్రం కణాలు సగమే అంటుకుంటాయి. ఇన్‌స్యులిన్‌, గ్రోత్‌ ఫ్యాక్టర్లు, బీ27 దేనికదే బ్యాచ్‌ బ్యాచ్‌కూ కొంత మారుతుంది. కొత్త బ్యాచ్‌ వచ్చినప్పుడు పాతదానితో పక్కపక్కన ఒకసారి పరీక్షించి కానీ వాడకూడదు. ఈ పరీక్షకయ్యే సీసా ఖర్చుకు వెనకాడే ల్యాబ్‌ తర్వాత ఏడాది పనిని పోగొట్టుకుంటుంది.

కార్బన్‌ డయాక్సైడ్‌ సిలిండర్‌ రాత్రిపూట ఖాళీ అయితే మీడియం ఊదారంగుకు తిరుగుతుంది. అది కనీసం కంటికి తెలుస్తుంది. కంటికి తెలియనిది మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా. దానికి కణ గోడ ఉండదు కాబట్టి పెన్సిలిన్‌ దాన్ని ఏమీ చేయదు, 0.2 మైక్రాన్‌ ఫిల్టర్ల నుంచి కూడా జారిపోగలదు, మీడియం కూడా మబ్బుగా మారదు. కణాలు నెమ్మదిగా పెరుగుతాయి, జన్యువుల వ్యక్తీకరణ మారిపోతుంది. దాని డీఎన్‌ఏ కోసం నెలకోసారి పీసీఆర్‌ పరీక్ష చేయని ల్యాబ్‌ నుంచి వచ్చిన ‘విభజన మందగించింది’ అన్న మాటకు విలువ లేదు.

అన్నిటికంటే మోసకారి 20వ క్రోమోజోములోని 20క్యూ11.21 అనే చిన్న ముక్క అదనంగా చేరడం. అందులో కణాన్ని చావు నుంచి కాపాడే బీసీఎల్‌2ఎల్‌1 జన్యువు ఉంది. ఆ ముక్క పెరిగిన కణం పక్కవాటి కంటే ఎక్కువ బతికి, కొద్ది వారాల్లో ప్లేటంతా తన సంతానంతో నింపేస్తుంది. క్రోమోజోములను మైక్రోస్కోపులో చూసే మామూలు కారియోటైప్‌ పరీక్షలో ఇంత చిన్న మార్పు తరచూ దొరకదు. దానికి ప్రత్యేకంగా పీసీఆర్‌ లేదా ఆ ముక్కను రంగుతో వెలిగించి చూసే ఫిష్‌ (FISH) పరీక్ష చేయాలి. ఈ మార్పున్న కణాలు నాడీ మార్గం సరిగా పట్టవు. అంటే, పిండదశ మెదడు లోపమని పొరబడడానికి సరిగ్గా సరిపోయే లక్షణం. రోగి నుంచి తీసిన ఒకే ఒక క్లోన్‌లో ఇది ఉంటే చాలు, పేపరు మొత్తం తప్పుదారి పడుతుంది.

పాసేజ్‌ సంఖ్య కూడా చిన్న విషయం కాదు. బీఎఫ్‌జీఎఫ్‌, ఈజీఎఫ్‌ అనే గ్రోత్‌ ఫ్యాక్టర్లలో ఎక్కువకాలం పెరిగిన నాడీ మూలకణాలు ముందు మెదడు గుర్తింపును క్రమంగా పోగొట్టుకుని వెనక మెదడు వైపు జరుగుతాయి, న్యూరాన్ల కంటే ఆసరా కణాలైన గ్లియాను ఎక్కువ ఇస్తాయి. ఐదో పాసేజ్‌ రోగి కణాలను పదిహేనో పాసేజ్‌ ఆరోగ్య కణాలతో పోలిస్తే వచ్చేది పాసేజ్‌ల తేడానే. ప్లేటులో వేసే కణాల సంఖ్య కూడా అంతే. చదరపు సెంటీమీటరుకు 50,000 అన్నది చాలామంది వాడే అంకె. తక్కువైతే కణాలు నిలదొక్కుకోవు, ఎక్కువైతే గుత్తులు కట్టి లేచిపోతాయి. లెక్క సరిగా పెట్టకపోతే ఆ తర్వాతి కొలతలన్నీ గాల్లో మేడలే.

కొలత సంగతికొస్తే, మూలకణం ఎప్పుడు విభజన మానేస్తోందో పట్టుకోవడానికి ఈడీయూ వాడతారు. డీఎన్‌ఏ ప్రతి తయారవుతున్నప్పుడు అందులో చేరిపోయే పదార్థం ఇది. 10 మైక్రోమోలార్‌ ఈడీయూను గంటో రెండు గంటలో ఉంచి, కడిగి, 24 గంటలాగి కణాలను 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో స్థిరపరుస్తారు. ఇంకా విభజన చక్రంలో ఉన్నవాటిలో కేఐ67 అనే ప్రోటీన్‌ గుర్తు వెలుగుతుంది. ఈడీయూ ఉండి కేఐ67 లేని కణం ఈ 24 గంటల్లో చక్రం నుంచి బయటికొచ్చినట్టు. ఈడీయూ ఉన్న మొత్తంలో అవి ఎంత శాతమో చూస్తే సరి. ఇది బాగా పనిచేసే కొలతే, ఒక షరతు మీద. లెక్కపెట్టే మనిషికి ఏ ప్లేటు ఎవరిదో తెలియకూడదు. మసకగా వెలిగే కణాన్ని ఉందని రాయాలా లేదని రాయాలా అన్న చోట మనసు తెలియకుండానే కోరుకున్న వైపు మొగ్గుతుంది.

ఇంత జాగ్రత్త తర్వాత కూడా సంఖ్యల దగ్గర ఒక బోల్తా మిగిలి ఉంది. ఒకే రోగి నుంచి ఐదు క్లోన్లు, ఒక్కోదానికి ప్లేటులో మూడు బావులు (గుంటలు), బావికి పది ఫొటోలు తీస్తే 150 ఫొటోలవుతాయి. కొందరు దాన్ని 150గానే లెక్కకట్టి గణాంకాలు వేస్తారు. జన్యుపరంగా అక్కడున్నది ఒక్క మనిషే. ఈ రంగంలో పేపరు చదివేటప్పుడు మొదట చూడాల్సింది ఎంతమంది మనుషులన్నదే, బొమ్మల అందం ఆ తర్వాత.

జబ్బు ఒకే జన్యువుదైతే దారి తేలిక. జన్యువులను దిద్దే క్రిస్పర్‌ పద్ధతితో రోగి కణంలోని తప్పును దిద్ది, అదే మనిషి కణాన్ని దిద్దకముందు, దిద్దిన తర్వాత పోల్చవచ్చు. మైక్రోకెఫలీకి ఇది చక్కగా కుదురుతుంది. బైపోలార్‌, స్కిజోఫ్రీనియాలకు కుదరదు. వందల జన్యు మార్పులు ఒక్కోటి పిసరంత చొప్పున కలిస్తే వచ్చే జబ్బులివి, దిద్దడానికి ఒక చోటంటూ లేదు. అందుకే తోబుట్టువుల రక్తం అడిగేది. సొంత అన్నదమ్ముల జన్యువుల్లో సగటున సగం ఉమ్మడి కాబట్టి వీధిలో పోయే అపరిచితుడి కంటే మెరుగైన పోలిక దొరుకుతుంది. ఇక్కడా ఒక మెలిక. ఇరవై ఏళ్ల తమ్ముడికి ఇప్పుడు జబ్బు లేదంటే రేపు రాదని కాదు. జబ్బు మొదలయ్యే వయసు దాటిన బంధువు ఆరోగ్యంగా ఉంటేనే ఆ పోలికకు బలం.

ఈ పద్ధతి నిజంగా ఏమివ్వగలదో చెప్పడానికి 2015లో అమెరికాలోని సాల్క్‌ సంస్థ బృందం చేసిన పని మంచి ఉదాహరణ. బైపోలార్‌ రోగుల కణాల నుంచి తీసిన హిప్పోక్యాంపస్‌ తరహా న్యూరాన్లు అవసరానికి మించి స్పందించాయి. లిథియం ఇస్తే ఆ ఉద్రేకం తగ్గింది, అదీ నిజజీవితంలో లిథియం పనిచేసిన రోగుల కణాల్లోనే. మందు పనిచేస్తుందో లేదో నెలల తరబడి మనిషి మీద చూడనక్కర్లేకుండా తెలిసే రోజు వస్తుందన్న ఆశ అక్కడి నుంచే. పాల్గొన్న రోగులు మాత్రం కొద్దిమందే. కుటుంబాల మీద సాగే పని విలువ ఆ సంఖ్యను పెంచడంలో ఉంది.

రక్తం ఇచ్చేవాళ్లు ఒక్కటి విడిగా తెలుసుకోవాలి. ఇది పరిశోధన, వైద్యం కాదు. మూలకణాలు ఎక్కించి ఆటిజం, సెరిబ్రల్‌ పాల్సీ తగ్గిస్తామని లక్షలు గుంజే క్లినిక్‌లకూ దీనికీ సంబంధం లేదు. ఐసీఎంఆర్‌, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో తెచ్చిన మార్గదర్శకాలు ఎముక మజ్జ తరహా రక్త మూలకణాల మార్పిడిని మాత్రమే ఆమోదిత వైద్యంగా లెక్కించాయి. మిగతావన్నీ క్లినికల్‌ ట్రయల్‌ కిందే జరగాలన్నాయి. ట్రయల్‌కు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు అడిగారంటే అక్కడే లేచి రావచ్చు.

ప్లేటు మీద పరుచుకున్న కణాలతో మెదడు పొరలు రావు. 2013లో వియన్నా నుంచి వచ్చిన ఆర్గనాయిడ్లు, అంటే మూలకణాల నుంచి ఉండల్లా పెంచిన మెదడు తరహా కణజాలాలు, ఆ లోటును కొంత పూడ్చాయి. మైక్రోకెఫలీ రోగి కణాల నుంచి పెంచిన ఆర్గనాయిడ్‌లో మూలకణాలు వేళకు ముందే న్యూరాన్లుగా మారిపోవడం నేరుగా కనిపించింది. కానీ వాటికి రక్తనాళాలుండవు. నాలుగు మిల్లీమీటర్లకు చేరేసరికి నడిమధ్య ఆక్సిజన్‌ అందక కణాలు చస్తాయి. ఒకే ఫ్లాస్కులో పెరిగిన రెండు ఆర్గనాయిడ్లు కూడా ఒక్కలా ఉండవు.

మరి డిష్‌లో పెరిగినది నిజమైన పిండ మెదడుకు ఎంత దగ్గరో చూడాలంటే పక్కన పెట్టి పోల్చడానికి అసలు కావాలి. చెన్నైలో ఐఐటీ మద్రాస్‌లోని సుధా గోపాలకృష్ణన్‌ బ్రెయిన్‌ సెంటర్‌ 2024 డిసెంబరులో విడుదల చేసిన ధరణి అట్లాస్‌ అక్కడే పనికొస్తుంది. రెండో త్రైమాసికానికి చెందిన పిండ మెదళ్లను పలచగా కోసి, 5,132 కోతలను కణాల స్థాయిలో చిత్రించి, ఎవరైనా చూడగలిగేలా ఉంచారు. మూలకణాల పొర ఏ వారంలో ఎంత మందంగా ఉందో, బయటి పొర ఎక్కడ మొదలవుతోందో అందులో వెతుక్కోవచ్చు. డిష్‌లో అరవయ్యో రోజు అంటే అరవై రోజుల పిండమని అర్థం కాదు. ఏ కణాలు ఉన్నాయో, ఏవి ఇంకా రాలేదో చూసి వారాన్ని నిర్ణయించాలి.

అలా చూస్తే ఇలా తయారైన న్యూరాన్లు పిండదశ దాటి ముందుకు పోవని తేలుతుంది. రక్తం ఇచ్చింది డెబ్బై ఏళ్ల మనిషైనా అంతే. ఆక్ట్‌4 తదితర జన్యువులు కణాన్ని వెనక్కి నడిపించేటప్పుడు వయసు గుర్తులను కూడా చెరిపేస్తాయి. స్కిజోఫ్రీనియా బీజాలు గర్భంలోనే పడతాయా అని అడిగేవాళ్లకు ఇది వరం. అల్జీమర్స్‌ మీద పనిచేసేవాళ్లకు ఇదే అడ్డంకి. వాళ్లలో కొందరు మూలకణ దశను పూర్తిగా వదిలేసి, చర్మ కణాన్ని నేరుగా న్యూరాన్‌గా మారుస్తున్నారు. అప్పుడు వయసు గుర్తులు చాలావరకు మిగులుతాయి. అయితే ఆ న్యూరాన్లు విభజన చెందవు, ఫ్రీజర్‌లో దాచి పెంచుకోవడానికి మూలకణాలూ ఉండవు. ప్రతి ప్రయోగానికీ మళ్లీ చర్మ కణాల నుంచే మొదలుపెట్టాలి.